మా మున్సిపాలిటీ గేలిక్‌ను ఉద్ధరించిన వైనం

మా ఊరి మేయర్, మా ఊరితో స్నేహ ఒప్పందం చేసుకున్న స్కాట్లాండ్‌లోని జంటనగరానికి వెళ్లి వచ్చాకే గేలిక్ భాష ప్రమాదంలో ఉందని మాకందరికీ తెలిసింది. అంతవరకు అలాంటి భాష ఒకటుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు, మేయర్‌తో సహా. అక్కడి రైల్వే స్టేషన్లో ఇంగ్లీషు పేరు కింద ఇంకో భాషలో కూడా ఊరి పేరు రాసి ఉండడం ఆయన చూశాడట. ఇది మా పూర్వీకుల భాష, మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారని ఎవరో చెప్పారట. ఆ సాయంత్రం విందులో పోసిన విస్కీ మంచిరకందే అయ్యుండాలి. తిరిగొచ్చిన తర్వాత జరిగిన మొదటి కౌన్సిల్ సమావేశంలోనే లేచి నిలబడి, ఒక భాష కళ్లముందు కనుమరుగవుతుంటే మన నగరం చేతులు కట్టుకుని కూర్చోదని ప్రకటించాడు. సభ్యులు బల్లలు చరిచారు.

ఆ సమావేశంలో వెనక వరుసలో నేనూ ఉన్నాను. జర్మనీలోని కార్ల్స్‌రూహె నుంచి ట్రామెక్కి ఆఖరి స్టాపులో దిగితే మా ఊరొస్తుంది. అక్కడొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను టెస్టింగ్ చేస్తాను. మాది హనుమకొండ. ఉద్యోగం, ఇల్లు, మూడో తరగతి చదివే కూతురు, వీటితో నాకు చేతినిండా పనే. అయినా ఊళ్లోని విదేశీయుల తరఫున కౌన్సిల్‌కు సలహాలిచ్చే సంఘంలో సభ్యురాలిగా చేరాను. సలహా ఇచ్చే హక్కు మాకుంది, వినకుండా ఉండే హక్కు వాళ్లకుంది. ఎండాకాలం ఊరి సంబరాలప్పుడు మాత్రం మమ్మల్ని తప్పకుండా గుర్తుచేసుకుంటారు. సమోసాలు కావాలి కదా. గారెలు చేస్తామని ఒకసారి అన్నాను. ప్రజలకు సమోసాలు అలవాటయ్యాయని, మార్చొద్దని చెప్పారు. హనుమకొండలో ఉన్నన్నాళ్లు ఒక్క సమోసా చుట్టని నేను, ఈ దేశమొచ్చి యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని చుట్టాను.

నేను ఆ సంఘంలో చేరడానికి అసలు కారణం ఒక గది. పాత ప్రాథమిక పాఠశాల భవనంలో మేడమీద ఒక గది ఎప్పుడూ ఖాళీగా ఉండేది. శనివారాలు అక్కడ మా పిల్లలకు తెలుగు చెప్పుకుందామని నా కోరిక. నా కూతురు నేను తెలుగులో అడిగిన ప్రతిదానికీ జర్మన్‌లో జవాబిస్తుంది. "బువ్వ తిన్నవా బిడ్డా?" అంటే "హాబ్ ఇష్ షోన్" అంటుంది, ఎప్పుడో తినేశాననే అర్థంలో. ఊళ్లో మిగిలిన తెలుగు పిల్లల సంగతీ అంతే.

సంస్కృతి విభాగంలో ఒకావిడ ఉంది, పొట్టి జుట్టు, పెద్ద కళ్లద్దాలు, చాలా మర్యాదస్తురాలు. మేయర్ ప్రకటన తర్వాత గది కోసం ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏ భాష అన్నారు?"

"తెలుగు."

"ఎంతమంది మాట్లాడతారు?"

నేను కాస్త గర్వంగానే, "కోట్లలో ఉంటారు" అన్నాను.

ఆమె మొహం విచ్చుకుంది. "చాలా సంతోషం. అయితే ఏ ప్రమాదమూ లేదన్నమాట! మా పథకాలు ప్రమాదంలో ఉన్న భాషలకే. పైగా, మీరేమీ అనుకోనంటే చెప్తాను, పిల్లలు ముందు జర్మన్ మీద దృష్టి పెడితే వాళ్లకే మంచిది."

మా పిల్లలు జర్మన్ తప్ప ఇంకోటి మాట్లాడకపోవడమే నా బాధ అని చెప్పాను. ఆమె దాన్ని శుభవార్తగా తీసుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చి మావారితో మొత్తుకున్నాను. తర్వాత కొన్నాళ్లకు గేలిక్ క్లాసుల సంగతి చెప్తే ఆయన తింటున్న చపాతీ పక్కన పెట్టి నవ్వాడు.

"గేలిక్కా? మనల్ని గేలి చేస్తున్నరా ఏంది?"

"నిజమే చెప్తున్న. ఆ గదిల గేలిక్ క్లాసులు పెడ్తరట."

"ఎవరొస్తరే దానికి?"

"అది వాళ్లకే తెల్వాలె."

పథకం మాత్రం జోరుగా సాగింది. ట్రామ్ స్టాపు దగ్గర స్వాగతం బోర్డు వెలిసింది, పైన జర్మన్, కింద గేలిక్. మున్సిపాలిటీ వెబ్‌సైటులో చెత్త ఏ రోజు ఎత్తుతారో గేలిక్‌లో చదువుకునే సౌకర్యం వచ్చింది. ఆ భాష చదవగలిగి, మా ఊళ్లో చెత్త పారబోసుకోవలసిన మనిషి ఎవరో నాకు ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆఫీసు కౌంటర్లలో కూర్చునేవాళ్లకు ఒక్కో కాగితం ఇచ్చి, వచ్చినవాళ్లను గేలిక్‌లో పలకరించమన్నారు. మా ఊరి ఆఫీసులో జర్మన్‌లోనే ఎవరూ ఎవర్నీ పలకరించరు. తల ఎత్తితే అదే పలకరింపు.

ఆ రోజుల్లోనే వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ఒక ఎమ్మెస్ విద్యార్థిని అన్మెల్డుంగ్ అనే అడ్రసు రిజిస్ట్రేషన్‌కు వెళ్లి, బయటికి రాగానే నాకు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు.

"అక్కా, నేను జర్మన్ బీ వన్ పరీక్ష పాసయిన కదా. ఆమె మాట్లాడింది ఒక్క ముక్క సమజ్ గాలే. అన్మెల్డుంగ్ అయితదో లేదో."

"ఏమన్నదమ్మా?"

"కిమర్ హా ఊ అన్నది. రెండుసార్లన్నది. నేను భయపడి నా పాస్‌పోర్ట్ ఇచ్చిన."

అది 'బాగున్నారా' అని అడగడమని నేను చెప్పాను. "జర్మనీల గట్ల కూడా అడుగుతరా అక్కా?" అని అడిగింది ఆ పిల్ల.

క్లాసులకు టీచర్ కూడా దొరికింది. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో పుట్టి, జర్మన్ ఇంజనీరును పెళ్లాడి చాలా ఏళ్ల క్రితమే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ పెద్దావిడ. భర్త పోయాడు. ఊరి చివర ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. మేయరే స్వయంగా వెళ్లి ఆమెను బతిమాలి తీసుకొచ్చాడు. స్వాగతం బోర్డు ఆవిష్కరణకు ఆమెను పిలిచి, ఎలా ఉందని అడిగాడు. ఆమె మెడ పక్కకు వంచి కాసేపు చూసింది.

"చాలా బాగుంది. కాకపోతే ఇది ఐర్లండ్ వాళ్ల భాష. మాకు అక్షరం మీద గీత అటు వాలుతుంది. మీరు ఇటు వాల్చారు."

తలకట్టు బదులు కొమ్ము పెట్టినట్టన్నమాట. మేయర్ నవ్వి, గీతే కదా అన్నాడు. బోర్డు అలాగే ఉండిపోయింది.

పిల్లల క్లాసు అని పత్రికలో వేశారు, వెబ్‌సైటులో పెట్టారు, బేకరీలో పోస్టరు అంటించారు. మొదటి శనివారం వచ్చింది ఒక రిటైరైన జంట. వాళ్లకు విస్కీ సీసాల మీది పేర్లు సరిగ్గా పలకడం నేర్చుకోవాలని ఉందట. పిల్లలు ఒక్కరూ రాలేదు. ఊళ్లోని జర్మన్ పిల్లలకు శనివారం ఫుట్‌బాల్. రెండో శనివారం ఆ జంట కూడా రాలేదు, ఎక్కడికో కారవాన్ కట్టుకుని వెళ్లారు. టీచరమ్మ ఖాళీ గదిలో కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. ఇంతలో జంటనగరం ప్రతినిధులు వస్తున్నారని, పిల్లలు గేలిక్‌లో పాట పాడతారని మేయర్ అప్పటికే మాటిచ్చేశాడు.

అప్పుడు పొట్టి జుట్టావిడ నాకు ఫోన్ చేసింది. ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"మీ సముదాయంలో పిల్లలు చాలామంది ఉన్నారు కదా. శనివారాలు వాళ్లు ఖాళీయేనా?"

"వాళ్లు ముందు జర్మన్ మీద దృష్టి పెట్టొద్దా?" అన్నాను.

"బహుభాషా జ్ఞానం పిల్లల మెదడుకు ఎంతో మంచిది" అంది ఆమె. నొచ్చుకోలేదు, తడుముకోలేదు. ఆ మాట అంతకుముందు ఎన్నో వందలసార్లు అన్నట్టే అంది.

ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేశాను. నేరుగా టీచరమ్మ ఇంటికి వెళ్లాను. మా పిల్లల్ని తీసుకొస్తాను, మొదటి గంట మీరు గేలిక్ చెప్పండి, తర్వాత గంట అదే గదిలో నేను తెలుగు చెప్పుకుంటాను, మున్సిపాలిటీకి చెప్పాల్సిన పనిలేదు అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, టీ పోసి, "నీకు ఈ పని ముందే తోచి ఉంటే నేను ఆ ఖాళీ గదిలో కూర్చునేదాన్ని కాదుగా" అంది.

ఇక మావాళ్లను ఒప్పించాలి. మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తెలుగు క్లాసు పెడదామని అంతకుముందు అడిగినప్పుడు అందరూ దణ్ణాలు, చప్పట్లు పెట్టి, శనివారం స్విమ్మింగుందని ఒకరు, పియానో ఉందని ఒకరు తప్పుకున్నవాళ్లే. మా పిల్లలకు ఏ తెలుగు చెప్తారు, ఆంధ్రాదా తెలంగాణాదా అని అప్పట్లో రెండు రోజులు తగవు కూడా నడిచింది. పిల్లలకు రెండూ రావన్న సంగతి ఆ తగవులో ఎవరికీ అడ్డం రాలేదు. గేలిక్ అనగానే మాత్రం వెంటనే ఫోన్ వచ్చింది. దగ్గర్లోని వాల్డార్ఫ్ ఊళ్లో సాఫ్ట్‌వేర్ మేనేజరుగా పనిచేసే భీమవరం ఆయన.

"ఏవండీ, ఈ గేలిక్కు నేర్సుకుంటే పిల్లలకి ముందుముందు ఏవన్నా ఉపయోగం ఉంటదంటారా?"

"దేనికండీ?"

"అదేనండి, యూనివర్సిటీ అడ్మిషన్లకీ వాటికీ. సర్టిఫికెట్టు గట్రా ఇత్తారా?"

"మేయర్ సంతకంతోటి ఇస్తరంటున్నరు."

"అయితే మావాడిని రాసేసుకోండి. స్విమ్మింగు ఆదివారానికి మార్పించేత్తాను."

అలా తెలుగు కోసం రాని పిల్లలందరూ గేలిక్ కోసం వచ్చారు. గది నిండింది. పొట్టి జుట్టావిడ తొంగిచూసి, నల్లటి తలలన్నీ చూసి, ఒక్క క్షణం ఆగి, ఫోటో తీసుకుని వెళ్లింది.

టీచరమ్మ మంచి టీచరు. పుస్తకం తెరిచేది కాదు. ఇంటి నుంచి కెటిల్, కప్పులు, ఉన్ని దారం ఉండలు తెచ్చేది. పిల్లలు వాటిని చేతికి పుచ్చుకుని అడగడం, ఇవ్వడం, వద్దనడం నేర్చుకునేవాళ్లు. 'హా గు మా' అంటే బాగున్నానని జవాబు. అది విని పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. గొంతులోంచి పలికే అక్షరాలు జర్మన్ వల్ల వాళ్లకు ముందే వచ్చు. తర్వాత గంట నాది. నేను పలకలు తెచ్చాను, అక్షరాల చార్టు గోడకు తగిలించాను, అమ్మ, ఆవు మొదలుపెట్టాను. పిల్లలు ఆవలించారు. ఆమె వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు వినేది. రెండు మూడు వారాలయ్యాక నాతో, "వచ్చే వారం ఆ చార్టు తీసెయ్. నీ వంటింట్లోంచి ఏదన్నా పట్రా" అంది. నేను పోపుల డబ్బా తీసుకెళ్లాను. జీలకర్ర ఏదో ఆవాలేవో వాసన చూసి చెప్పమంటే, నా కూతురు మొదటిసారి నాకు తెలుగులో జవాబిచ్చింది. "జీల్కర" అంది. ఆవాలు చూపించినా జీల్కరే అంది.

ఒక శనివారం పిల్లలు వెళ్లిపోయాక కప్పులు కడుగుతూ అడిగాను, మీ పిల్లలకు గేలిక్ వచ్చా అని.

"రాదు" అంది. "మా అమ్మ చిన్నప్పుడు బళ్లో ఆ భాష మాట్లాడితే బెత్తంతో కొట్టేవారు. నా కాలానికి కొట్టడం పోయింది. ఇంగ్లీషే కూడు పెడుతుంది, దీంతో ఏం చేసుకుంటావని ఇంట్లో మా నాన్నే అనేవాడు. ఇక్కడికొచ్చాక మా ఆయనకు అర్థం కావాలని జర్మన్ మాట్లాడాను. ఇద్దరు కొడుకులు. ఒక్క మాట రాదు. నా వంటింట్లోనే కాపాడుకోలేకపోయాను. ఇప్పుడు వీళ్లకి కాపాడిపెట్టాలట." ఆమె నవ్వింది. నేను నవ్వలేక కప్పు తుడుస్తూ నిలబడ్డాను.

ప్రతినిధులొచ్చిన రోజు పెద్ద హాలంతా అలంకరించారు. బ్యాగ్‌పైప్ వాయించేవాణ్ణి డార్మ్‌స్టాట్ నుంచి రప్పించారు. అతను అక్కడ చదువుకునే ఇటాలియన్ కుర్రాడు. మా పిల్లలకు స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే గళ్ల లంగాలు కట్టారు. భీమవరం ఆయన కొడుకు లంగా కట్టుకోనని ఏడిస్తే, తండ్రి, "సర్టిఫికెట్టు రా నాన్నా, కట్టేసుకో" అని బతిమాలాడు. నేను తెల్లారే లేచి సమోసాలు చుట్టాను. వదిలిపెడతారా మరి.

మేయర్ ఉపన్యసించాడు. పిల్లలు వేదిక మీదికెక్కి టీచరమ్మ నేర్పిన పడవ పాట పాడారు. తెడ్లు వేస్తున్నట్టు ఊగుతూ, చక్కటి ఉచ్చారణతో, ఎక్కడా తప్పు లేకుండా పాడారు. నాకు కళ్లు చెమర్చాయి. హాలంతా చప్పట్లు. జంటనగరం కౌన్సిల్ అధ్యక్షుడు, ఎర్రటి బుగ్గల భారీ మనిషి, లేచి మైకందుకున్నాడు.

"అద్భుతం! నేను ఎక్కడికి వెళ్లినా భారతీయ సంగీతానికి పరవశించిపోతాను" అన్నాడు.

పొట్టి జుట్టావిడ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టింది. మేయర్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఇంకా చిరునవ్వుతోనే ఉన్నాడు. టీచరమ్మ మొదటి వరుసలోంచి లేచి ఆ అధ్యక్షుడితో గేలిక్‌లో రెండు మాటలంది. ఆయన అర్థంకాక అటూ ఇటూ చూశాడు. వేదిక మీదున్న నా కూతురు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసకిస నవ్వింది. దాన్ని చూసి పక్క పిల్లలూ నవ్వారు. టీచరమ్మ ఏమన్నదని తర్వాత నా కూతురిని అడిగితే, "పాట మీ ఊరిదేనయ్యా, చెవులే ఇంట్లో మరిచిపోయి వచ్చావు" అన్నదట.

అధ్యక్షుడు మంచివాడే. సంగతి తెలిశాక పగలబడి నవ్వి, క్షమించమని అడిగాడు. సమోసా తింటూ అసలు విషయం నాకు చెప్పాడు. వాళ్ల ఊళ్లో గేలిక్ ఎవరూ మాట్లాడరట. తరతరాలుగా ఎవరూ మాట్లాడలేదట. స్టేషన్లో బోర్డుంది, అంతే. మీ మేయర్‌కు ఆ బోర్డు బాగా నచ్చేసిందని, ఆయన ఉత్సాహం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నామని అన్నాడు.

మర్నాడు పత్రికలో మా పిల్లల ఫోటో వేసి, సమైక్య జీవనానికి ఉదాహరణగా రాశారు. ఫోటో కింద 'తమ మాతృభాషలో పాడుతున్న చిన్నారులు' అని ఉంది. సవరణ వెయ్యమని నేను రాయలేదు, టీచరమ్మా రాయలేదు. ఆమె దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించుకుంది.

ఆ తర్వాత మా సలహా సంఘం కలిసినప్పుడు పొట్టి జుట్టావిడ వచ్చి, గేలిక్ పథకం విజయవంతంగా ముగిసిందని, గది తాళం ఇచ్చెయ్యమని చెప్పింది. వచ్చే ఏడు నగరం తేనెటీగల సంరక్షణ చేపడుతుందట. ఆ గదిలో తేనెటీగల పెట్టెలు పెడతారట.

"ముగిసిందంటే? భాష బతికిందా?" అని అడిగాను.

"లక్ష్యాలు నెరవేరాయి" అంది.

"మా తెలుగు క్లాసు మాటేమిటి?"

"ముందే చెప్పాను కదండీ, మీ భాషకు ఏ ప్రమాదమూ లేదు."

"ఒక్కసారి మా ఇంటికి భోజనానికి రండి. నా కూతురితో నేను మాట్లాడుతుంటే విందురుగాని. తర్వాత చెప్పండి ప్రమాదం ఉందో లేదో" అన్నాను. గొంతు పెరిగింది. పక్కనున్న సిరియా ఆయన నా భుజం తట్టాడు. ఆమె భోజనానికి ఎప్పుడు రావచ్చో క్యాలెండరు తెరిచి చూడసాగింది. మనిషి చెడ్డది కాదు, అదే కష్టం. నేను ఆ సంఘానికి రాజీనామా ఇచ్చాను. సమోసాల వంతు ఇప్పుడు ఎవరిదో తెలియదు.

తాళం పోయాక టీచరమ్మ తన ఇంటికే రమ్మంది. సర్టిఫికెట్లు చేతికొచ్చాయి కాబట్టి చాలామంది మానేశారు. భీమవరం ఆయన మావాడికి మళ్లీ శనివారం స్విమ్మింగండి అని, ఏమనుకోవద్దని ఫోన్ చేశాడు. ఇప్పుడు వచ్చేది నా కూతురు, ఇంకో ఇంటి అక్కాచెల్లెళ్లు. ఆమె వంటింట్లో బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక గంట ఆ భాష, ఒక గంట ఈ భాష అని మొదలుపెడతాం కానీ, మధ్యలో అన్నీ కలిసిపోతాయి.

మొన్న ఒక శనివారం టీచరమ్మ పెద్దకొడుకు హాంబుర్గ్ నుంచి వచ్చాడు. నడివయసు మనిషి. వంటింటి గుమ్మంలో నిలబడి వాళ్లమ్మను చూస్తున్నాడు. ఆమె పిల్లలతో ఏదో గలగలా మాట్లాడుతోంది, పిల్లలు తడుముకుంటూ జవాబిస్తున్నారు. ఆమె ఆ ఊపులోనే కొడుకు వైపు తిరిగి ఏదో అంది. అతను మొహం చిన్నబుచ్చుకుని, "ఏమంటోంది?" అని జర్మన్‌లో నన్నడిగాడు. నాకూ తెలియదు.

నా కూతురు చెప్పింది అతనికి, జర్మన్‌లో. "దూరం నుంచి వచ్చావు, నిలబడ్డావేంటి, కూర్చో, టీ వస్తోంది అంటున్నారు."

అతను కుర్చీ లాక్కుని పిల్లల మధ్య కూర్చున్నాడు. టీచరమ్మ వెనక్కి తిరిగి చాలాసేపు కెటిల్ దగ్గరే నిలబడిపోయింది.

నాకెంత సంతోషమైందో అంత ఉక్రోషమూ వచ్చింది. ఇంటికెళ్లే దారిలో బస్సులో నా కూతురిని దగ్గరికి తీసుకుని, "ఆయనకు మంచిగ చెప్పినవ్ బిడ్డా. నాతోటి గట్ల తెలుగుల మాట్లాడవెందుకే?" అని అడిగాను.

అది కిటికీలోంచి చూస్తూ, "దూ ఫర్‌ష్టేస్ట్ యా డాయిచ్" అంది. నీకు జర్మన్ వచ్చు కదా అని.